భూమి లోతును వినెడి తీగచుట్ట – విద్యుత్ అలజడిని తప్పించు ఉపాయములు

సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ సమీపమునగల కల్హేర్ వంటి ఊళ్ళలో ట్రాన్సిస్టరు రేడియో విన్నవారికి ఒక అనుభవము సుపరిచితము. మీడియం వేవుపై పాట స్పష్టముగా వచ్చుచుండగా, ప్రక్క పొలములో ఎవరో బోరు మోటారు స్టార్టరు వేయుదురు. వెంటనే రేడియోలో ‘టప్’మని ఒక చప్పుడు, ఆ వెనుక సన్నని బుర్రుమను మ్రోత వినవచ్చును. స్టార్టరుకును రేడియోకును నడుమ తీగ ఏదియు లేదు. అయినను స్టార్టరులోని రవ్వ రేడియోను తాకినది.

రేడియో లోపల వ్రేలెడు పొడవుగల నల్లని ఫెర్రైటు కడ్డీ, దానిపై సన్నని తీగచుట్ట ఉండును. ఆ చుట్టగుండా పోవు అయస్కాంత బలము మారినప్పుడు దానిలో విద్యుత్తు పుట్టును. ఇది 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రము. కోరిన కార్యక్రమము, కోరని చప్పుడు – రెండును ఆ చుట్టలోనికే వచ్చును. ఏది పాటయో, ఏది స్టార్టరు రవ్వయో చుట్టకు తెలియదు. కోరిన మార్పును సంకేతమనియు, కోరని మార్పును అంతరాయమనియు శాస్త్రజ్ఞులు అందురు.

రేడియోలో అంతరాయము వచ్చిన పాట కొంత చెడును. అంతకుమించి నష్టము లేదు. కాని ఇటువంటి తీగచుట్టయే భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతున ఏమున్నదో చెప్పుటకు సాక్షిగా నిలిచినప్పుడు, అంతరాయము అబద్ధపు సాక్ష్యము పలికించును. ఆ అబద్ధము ఎట్లు పుట్టునో, దానిని ఎట్లు తప్పింపవచ్చునో తెలిసికొనుట ఈ వ్యాసము ఉద్దేశము.

కిల్లారి అడిగిన ప్రశ్న

కల్హేర్‌కు పడమటగా నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున, మహారాష్ట్రలోని లాతూరు జిల్లాలో కిల్లారి గ్రామము కలదు. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున, జనులు నిద్రలో ఉండగా, అక్కడ భూకంపము వచ్చెను. దాని పరిమాణము సుమారు 6.2. రాతిగోడల ఇండ్లు కూలి వేలాది మంది మరణించిరి. దక్కను పీఠభూమి గట్టిది, కదలనిది అని అంతవరకు గల నమ్మకము ఆ రాత్రి సడలినది.

కిల్లారి వద్ద త్రవ్విన బోరులో నల్లని బసాల్టు పొరల మందము 338 మీటర్లు మాత్రమేనని తేలినది. వాటి దిగువ అతి ప్రాచీనమైన రాయి ఉన్నది. భూకంపము పుట్టినది అంతకంటె ఎన్నో రెట్లు లోతున. అంత లోతునకు బోరు వేయుట అతి కష్టము. మరి అక్కడి రాయి ఎండినదా, పగుళ్ళలో ద్రవము నిండినదా అని తెలియుట ఎట్లు?

హైదరాబాదులో 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఇందుకు ఉపయోగించిన పద్ధతులలో ఒకటి భూవిద్యుదయస్కాంత పద్ధతి. హర్ష్ గుప్తా, ఎస్.వి.ఎస్. శర్మ, టి. హరినారాయణ మొదలగువారు 1996లో తమ ఫలితములను ప్రకటించిరి. భూకంపము పుట్టిన ప్రాంతము దిగువ సుమారు 6 నుండి 10 కిలోమీటర్ల లోతున విద్యుత్తును బాగుగా ప్రసరింపజేయు పొర కలదనియు, అది ద్రవములు నిండిన పగుళ్ళ రాయి కావచ్చుననియు వారు సూచించిరి.

ఎండు రాయి విద్యుత్తును సులభముగా పోనీయదు. ఉప్పునీటివంటి ద్రవము పగుళ్ళలో నిండిన రాయి పోనిచ్చును. కనుక విశిష్ట నిరోధమును కొలిచినచో లోపలి స్థితిని ఊహింపవచ్చును. విశిష్ట నిరోధమును ‘ఓమ్-మీటరు’ అను ప్రమాణములో చెప్పుదురు. ఎండు గ్రానైటులో అది వేలలో ఉండవచ్చును. ద్రవము నిండిన రాతిలో పదులకు, ఒక్కొక్కప్పుడు ఒకట్లకు దిగును.

ఆకాశము పంపెడి తరంగములు

ఈ పద్ధతిలో శాస్త్రజ్ఞులు భూమిలోనికి ఏ విద్యుత్తును పంపరు. ప్రకృతియే పంపుచున్నది. ప్రపంచమున ఎక్కడనో ఒకచోట నిత్యము ఉరుములు, మెరుపులు సంభవించుచునే ఉండును. వాటినుండి సెకనుకు అనేక పర్యాయములు కంపించు తరంగములు పుట్టి భూగోళము చుట్టును వ్యాపించును. అంతకంటె నెమ్మదిగా, అనగా కొన్ని సెకనులకు, నిమిషములకు ఒకసారి కంపించు తరంగములు సూర్యునినుండి వచ్చు కణముల ప్రవాహము భూమి అయస్కాంత క్షేత్రమును ఒరసికొనుటవలన కలుగును. ఈ మార్పులనుండి భూమి లోపలి స్థితిని గ్రహింపవచ్చునని సోవియట్ శాస్త్రజ్ఞుడు తిఖొనోవ్ 1950లోను, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కాన్యార్ 1953లోను చూపిరి.

వేగముగా కంపించు తరంగము భూమి పైపొరలలోనే అణగిపోవును. నెమ్మదిగా కంపించునది లోతునకు దిగును. దీనికి ఒక సులభమైన లెక్క కలదు. విశిష్ట నిరోధమును ఆవర్తన కాలముతో గుణించి, వర్గమూలము తీసి, దానిలో సగము తీసికొన్నచో లోతు సుమారుగా కిలోమీటర్లలో వచ్చును. విశిష్ట నిరోధము 100 ఓమ్-మీటర్లు అనుకొందము. ఆవర్తన కాలము ఒక సెకనైనచో 100కు వర్గమూలము 10. అందు సగము 5 కిలోమీటర్లు. ఆవర్తన కాలము 100 సెకనులైనచో 50 కిలోమీటర్లు.

పరిశీలన స్థలమున నేలలో ఎలక్ట్రోడులను పాతి విద్యుత్ క్షేత్రమును, తీగచుట్టలను పాతి అయస్కాంత క్షేత్రమును ఒకేమారు కొలుతురు. మొదటిదానిని రెండవదానితో భాగించగా వచ్చిన నిష్పత్తి వర్గమునుబట్టి విశిష్ట నిరోధము తెలియును. ఈ భాగహారమును గుర్తుంచుకొనవలెను. అబద్ధము ప్రవేశించు ద్వారము ఇందులోనే ఉన్నది.

సంకేతము ఎంత? అలజడి ఎంత?

అయస్కాంత క్షేత్రమును టెస్లాలలో కొలుతురు. టెస్లాలో నూరుకోట్లవ వంతు నానోటెస్లా. నానోటెస్లాలో వేయవ వంతు పికోటెస్లా. తెలంగాణలో భూమి సహజ అయస్కాంత క్షేత్రము సుమారు 43,000 నానోటెస్లాలు. సెకనుకు ఒకమారు కంపించు ప్రకృతి సంకేతము ఇంచుమించు ఒక పికోటెస్లా. అనగా భూమి క్షేత్రములో నాలుగుకోట్లవ వంతుకంటెను చిన్నది.

ఇంత స్వల్పమైన మార్పును పట్టుటకు ఒక మీటరుకు పైబడిన పొడవుగల ప్రత్యేక లోహపు కడ్డీపై వేలకొలది చుట్లు తీగ చుట్టుదురు. చుట్లు 10,000, కడ్డీ అడ్డుకోత వైశాల్యము 5 చదరపు సెంటీమీటర్లు, కడ్డీ అయస్కాంత బలమును 500 రెట్లు కూడదీయును అనుకొన్నచో, సెకనుకు ఒకసారి కంపించు ఒక పికోటెస్లా సంకేతమునకు చుట్టలో పుట్టు వోల్టేజి సుమారు 16 నానోవోల్టులు. టార్చిలైటులో వేయు ఒకటిన్నర వోల్టు సెల్లుతో పోల్చిన ఇది పదికోట్లవ వంతు మాత్రమే.

ఇప్పుడు ఈ చుట్టను కల్హేర్ పొలములలో ఒకచోట పాతినట్లు ఊహింపవచ్చును. వరి మళ్ళకు నీరు పెట్టుటకు ఒక బోరు మోటారు నడుచుచున్నది. దాని తీగలలో పది ఆంపియరుల విద్యుత్తు ప్రవహించుచున్నది. నూరు మీటర్ల దూరమున ఒంటి తీగ కలిగించు క్షేత్రము 20 నానోటెస్లాలు. కాని విద్యుత్తు ఒక తీగలో పోయి మరియొక తీగలో తిరిగి వచ్చును గనుక రెండింటి ఫలితములు చాలవరకు రద్దగును. తీగల నడుమ ఎడము ఒక మీటరైనచో నూరు మీటర్ల దూరమున మిగులునది 0.2 నానోటెస్లా. ఇదియే సంకేతముకంటె 200 రెట్లు పెద్దది.

కథ అంతటితో ముగియలేదు. చుట్టలో పుట్టు వోల్టేజి క్షేత్రముయొక్క పరిమాణముపైననే కాక అది మారెడి వేగముపైనను ఆధారపడును. లైనులోని విద్యుత్తు సెకనుకు 50 మార్లు కంపించును. కనుక 200ను మరల 50చే గుణింపవలెను. చుట్టలో మోటారువలన పుట్టు వోల్టేజి సంకేతపు వోల్టేజికంటె 10,000 రెట్లు అగును. జాతర నడుమ నిలుచుండి చెవిలో ఒకరు చెప్పు రహస్యమును వినవలసివచ్చినట్లే ఇదియు.

మోటారు ఒక్కటియే శత్రువు కాదు. స్టార్టరు వేసినప్పుడు పుట్టు రవ్వ అనేక పౌనఃపున్యములను ఒకేమారు వెదజల్లును. అడవిపందులనుండి పైరును కాపాడు సోలారు కంచె సుమారు సెకనుకు ఒక విద్యుత్ దెబ్బ చొప్పున విడుచును. ప్రకృతి సంకేతము మిక్కిలి బలహీనముగా ఉండు తావు సరిగా అదియే. గాలియు శత్రువే. ఒక మీటరు పొడవుగల చుట్టయొక్క ఒక కొన మిల్లీమీటరులో వేయవ వంతు కదిలినను, భూమి స్థిర క్షేత్రములో దాని దిశ మారి, 43 పికోటెస్లాల వరకు దొంగ సంకేతము పుట్టును. చెట్టు ఊగి వేళ్ళు నేలను కదలించుట చాలును. అందుచేతనే చుట్టను చెట్లకు దూరముగా గుంట త్రవ్వి, మట్టితో కప్పిపెట్టుదురు.

ఇనుప పెట్టెలో పెట్టరాదా?

విద్యార్థికి సహజముగా ఒక సందేహము కలుగును: అలజడి రాకుండ చుట్టను మందమైన ఇనుప పెట్టెలో పెట్టరాదా? పెట్టవచ్చును, అలజడి తగ్గును. కాని సంకేతము కూడ అయస్కాంత మార్పే గనుక అదియు అంతే తగ్గును. దొంగ వచ్చునని తలుపు మూసి తాళము వేసినచో చుట్టము కూడ బయటనే నిలుచును.

కావున రెండింటికినిగల భేదమును పట్టుకొనవలెను. అలజడి ఏ మార్గమున వచ్చుచున్నది? ఏ పౌనఃపున్యమున వచ్చుచున్నది? ఎచటనుండి వచ్చుచున్నది? ఈ మూడు ప్రశ్నలనుండియే ఉపాయములన్నియు పుట్టినవి.

మార్గమును మూయుట

అలజడి చుట్టగుండానే వచ్చునని లేదు. చుట్టనుండి కొలత పెట్టెవరకు పోవు పొడవైన తీగలు కూడ దానిని మోసికొనివచ్చును. రెండు తీగల నడుమ ఒక సెంటీమీటరు సందుండి, పొడవు నూరు మీటర్లయినచో, ఆ సందు వైశాల్యము ఒక చదరపు మీటరు. అది కూడ ఒక చుట్టువలె పనిచేసి అలజడిని గ్రహించును. తీగలను జడవలె ఒకదానితో ఒకటి మెలివేసినచో సందు తగ్గును. అంతేకాక ప్రతి మెలికలో పుట్టు వోల్టేజి దాని ప్రక్క మెలికలో పుట్టినదానికి వ్యతిరేకదిశలో ఉండి రద్దగును. ఖర్చు లేని ఉపాయములలో ఇది మొదటిది.

రెండవది కవచము. లైనులోని అధిక వోల్టేజి గాలిగుండా, కెపాసిటరు వలె, తీగలపై ఆవేశమును కలిగించును. మెలివేసిన జతపై పలుచని లోహపు తొడుగు వేసి దానిని భూమికి కలిపినచో ఆ ఆవేశము తొడుగు దగ్గరనే నిలిచి నేలలోనికి పోవును. అయితే తొడుగును రెండు కొనలయందును భూమికి కలుపరాదు. రెండు చోట్ల నేల వోల్టేజి ఒకటిగా ఉండదు గనుక తొడుగుగుండా విద్యుత్తు ప్రవహించి, కాపలావాడే దొంగతనము చేసినట్లగును. ఒక్క కొననే కలుపవలెను. అట్లే చుట్టపై వేయు పలుచని కవచమును పూర్తి వలయముగా మూయక సన్నని చీలిక విడువవలెను. లేనిచో కవచమే మూసిన చుట్టుగా మారి సంకేతమును అణచివేయును.

మూడవది వర్ధకమును చుట్ట ప్రక్కనే ఉంచుట. పదహారు నానోవోల్టుల సంకేతమును నూరు మీటర్లు నడిపించి అటుపిమ్మట పెంచినచో, దారిలో చేరిన అలజడి కూడ దానితోపాటు పెరుగును. బయలుదేరుటకు ముందే పెంచినచో దారిలోని అలజడి దానిముందు అల్పమగును. భూభౌతిక శాస్త్రజ్ఞులు వాడు చుట్టలలో చిన్న వర్ధకము గొట్టము లోపలనే ఉండును. ఆ వర్ధకము రెండు తీగల నడుమగల తేడాను మాత్రమే పెంచును; రెండింటిపై సమానముగా పడిన అలజడిని విడిచిపెట్టును.

పౌనఃపున్యమునుబట్టి వడపోయుట

విద్యుత్ లైను అలజడి ముఖ్యముగా 50 హెర్ట్జులవద్దను, 150, 250, 350 వంటి బేసి గుణిజములవద్దను ఉండును. సరిగా ఆ పౌనఃపున్యములను మాత్రమే ఆపు వడపోత వలయములు కలవు. వీటిని వర్ధకమునకు తుదిభాగమున కాక మొదటిభాగముననే ఉంచవలెను. ఏలయన పదివేల రెట్లు పెద్దదైన అలజడిని మొదట పెంచినచో వర్ధకము తన హద్దును తాకి, చిన్న సంకేతము పూర్తిగా మాయమగును. తరువాత ఎంత వడపోసినను పోయినది తిరిగి రాదు.

సంఖ్యలుగా మార్చునప్పుడు మరియొక ప్రమాదము కలదు. సినిమాలో పరుగెత్తు బండి చక్రము వెనుకకు తిరుగుచున్నట్లు కనిపించుట అందరును చూచినదే. కెమెరా సెకనుకు కొన్ని చిత్రములే తీయుటవలన ఆ భ్రమ కలుగును. అట్లే సంకేతమును సెకనుకు 40 మార్లు కొలిచినచో 50 హెర్ట్జుల అలజడి 10 హెర్ట్జుల సంకేతముగా వేషము వేసికొని కనిపించును. కాబట్టి వడపోత అంకెలుగా మార్చుటకు ముందే జరుగవలెను.

కొంతకాలము క్రిందట పొలములకు విద్యుత్తు లేని గంటలలో కొలతలు తీయుట ఒక సులభ మార్గముగా ఉండెడిది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ప్రారంభమైన పిమ్మట ఆ నిశ్శబ్ద వేళలు అరుదైనవి. రైతునకు మేలైనదే కొలతకు చిక్కు తెచ్చినది.

అబద్ధపు నీరు

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను కొంత అలజడి మిగులును. అది ఎట్లు మోసగించునో ఒక తరగతి గది లెక్కతో గ్రహింపవచ్చును.

నిజమైన అయస్కాంత సంకేతము 5 అనుకొందము. ప్రతి కొలతయందును ఒక నాణెము ఎగురవేయవలెను. బొమ్మ పడిన 3 కలుపవలెను. బొరుసు పడిన 3 తీసివేయవలెను. ఇది అలజడి. అప్పుడు కొలతలు 8 లేక 2 అగును. వాటి సరాసరి 5, చిక్కు లేదు. కాని క్షేత్రము పైకి క్రిందికి ఊగునది గనుక శాస్త్రజ్ఞులు సరాసరిని కాక వర్గముల సరాసరిని వాడవలసియుండును. 8 వర్గము 64, 2 వర్గము 4, సరాసరి 34. రావలసినది 25. అధికముగా వచ్చిన 9, అలజడియైన 3 వర్గము. వర్గము ఎన్నడును ఋణసంఖ్య కాదు గనుక వేయిమార్లు కొలిచినను ఆ 9 పోదు.

ఈ 34 భాగహారములో క్రింద కూర్చుండును. పైన విద్యుత్ క్షేత్రము సరిగానే ఉన్నచో నిష్పత్తి 25లో 34వ వంతుగా, అనగా 0.735గా తగ్గును. విశిష్ట నిరోధము దాని వర్గము గనుక 0.54కు దిగును. నూరు ఓమ్-మీటర్ల రాయి 54గా కనిపించును. అలజడి ఇంకను పెరిగి సంకేతముతో సమానమైనచో నాలుగవ వంతుకు, అనగా 25కు దిగును. ఎండు రాయి తడి రాయిగా కనిపించును. భూమిలో లేని ద్రవమును ప్రక్క పొలములోని మోటారు సృష్టించినదన్నమాట!

కిల్లారి వంటి చోట లోతున ద్రవము ఉన్నదా లేదా అనునది భూకంప కారణమునకే సంబంధించిన ప్రశ్న. అందుకు సమాధానము చెప్పుటకు ముందు, తక్కువ నిరోధము రాయిదా, అలజడిదా అని తేల్చుకొనుట శాస్త్రజ్ఞుని మొదటి విధి.

దూరపు సాక్షి

1979లో గాంబుల్, గూబావ్, క్లార్క్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు దీనికి చక్కని పరిష్కారము ప్రకటించిరి. కొలత స్థలమునకు చాలినంత దూరమున రెండవ తీగచుట్టను పాతి, రెండింటిని ఒకే గడియారము ననుసరించి నడుపవలెను. ఆకాశమునుండి వచ్చు సంకేతము విశాలమైనది. రెండు చోట్లను ఇంచుమించు ఒకేవిధముగా ఉండును. మోటారు, కంచె, గాలి కలిగించు అలజడి మాత్రము ఏ ఊరిది ఆ ఊరిదే.

ఇప్పుడు వర్గము కట్టుటకు బదులు ఒక చుట్ట కొలతను రెండవ చుట్ట కొలతతో గుణింపవలెను. నాణెముల లెక్కలో ఇద్దరు విద్యార్థులు వేరువేరుగా నాణెములు ఎగురవేసినట్లు. నాలుగు అవకాశములు కలవు: 8ను 8చే గుణించగా 64, 8ను 2చే గుణించగా 16, 2ను 8చే గుణించగా 16, 2ను 2చే గుణించగా 4. మొత్తము 100, సరాసరి సరిగా 25! అలజడి ఎచటికి పోయినది? ఇద్దరి నాణెములకు పరస్పర సంబంధము లేదు గనుక కొన్నిమార్లు ధనముగాను, కొన్నిమార్లు ఋణముగాను వచ్చి రద్దైనది. ఒకరి సాక్ష్యమునే రెండుమార్లు వినుటకంటె, ఒకరినొకరు ఎరుగని ఇద్దరి సాక్ష్యములను పోల్చుట మేలని పంచాయతి పెద్దలకు కూడ తెలిసినదే.

అయితే రద్దగుటకు చాలా కొలతలు కావలెను. కొలతల సంఖ్య 100 రెట్లు పెరిగినచో మిగులు అలజడి పదవ వంతుకు తగ్గును. అందుచేత చుట్టలను గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది నేలలో ఉంచుదురు.

ఈ ఉపాయమునకు ఒక హద్దు కలదు. రెండు చోట్లను ఒకే అలజడి ఉన్నచో దూరపు సాక్షి పనికిరాడు. 2013 డిసెంబరు 31న రాయచూరు – షోలాపూరు లైనుద్వారా దక్షిణ విద్యుత్ గ్రిడ్ తక్కిన దేశపు గ్రిడ్‌తో కలిసినది. అప్పటినుండి దేశపు గ్రిడ్ అంతయు ఒకే లయలో కంపించుచున్నది. కల్హేర్‌లోని 50 హెర్ట్జులకును, వందల కిలోమీటర్ల అవతలి 50 హెర్ట్జులకును సంబంధము ఉన్నది గనుక అవి రద్దు కావు. వాటికి వడపోతయే శరణ్యము. ఒక ఉపాయము విడిచిన చోట మరియొకటి అందుకొనవలెను.

తుదకు స్థలమే మార్చుట

ఏ ఉపాయమును చాలనప్పుడు దూరముగా పోవుటయే మందు. భూభౌతిక పరిశోధన సంస్థ 1964లో హైదరాబాదులోని తన ఆవరణలో అయస్కాంత పరిశీలన కేంద్రమును నెలకొల్పెను. ఆనాడు ఆ ప్రాంతము నగరపు అంచు. నగరము పెరిగి ఆవరణను చుట్టివేసినది. 2017 నవంబరులో మెట్రో రైలు నడక ప్రారంభించినప్పుడు ఆ సంస్థ పేరుతోనే ఒక స్టేషను వెలసినది. నగరపు అలజడి పెరుగుచుండుటచే సంస్థ విజయవాడ మార్గమునగల చౌటుప్పలువద్ద మరియొక పరిశీలన కేంద్రమును ఏర్పరచినది. భూమి గుసగుసను వినువారు పల్లెలను వెదకుటకు కారణము ఇదియే.

రైలు పట్టాలపై అదే సూత్రము

ఇట్టి చుట్టలు ప్రాణములను కాపాడు పనికి కూడ వాడబడుచున్నవి. రైలు మార్గములో ఒక భాగము ఖాళీగా ఉన్నదో లేదో తెలియుటకు ఇరుసుల లెక్కింపు యంత్రములు కలవు. పట్టాకు ఒక ప్రక్కన సంకేతము పంపు చుట్టను, రెండవ ప్రక్కన గ్రహించు చుట్టను బిగింతురు. నడుమ చక్రము వచ్చినప్పుడు గ్రహించు చుట్టకు అందు సంకేతము మారును. లోనికి పోయిన ఇరుసుల సంఖ్య, వెలుపలికి వచ్చిన ఇరుసుల సంఖ్య సమానమైనచో ఆ భాగము ఖాళీ. చుట్టలను రెండు జతలుగా పెట్టుటవలన ఏది ముందు మారినదో చూచి బండి దిశను కూడ తెలిసికొందురు.

ఇక్కడ అలజడి కొలత స్థలముననే పుట్టును. 25,000 వోల్టుల లైనునుండి ఇంజను తీసికొను విద్యుత్తు తిరిగిపోవుటకు పట్టాలే మార్గము. చుట్టలు బిగించినది ఆ పట్టాలకే! దూరముగా పోవు అవకాశము లేదు. కాని భూభౌతిక శాస్త్రజ్ఞునకు లేని సౌకర్యము రైల్వే ఇంజనీరునకు ఒకటి కలదు: సంకేతమును తానే పంపుచున్నాడు గనుక దాని పౌనఃపున్యమును తానే ఎంచుకొనవచ్చును. పాత యంత్రములలో అది 5,000 హెర్ట్జులు. తరువాతి యంత్రములలో 20,000 నుండి 30,000 హెర్ట్జుల ప్రాంతము. 50 హెర్ట్జులకు ఎంతో ఎగువనున్నందున వడపోయుట సులభమగును. స్టేషనుకు పోవు తీగలను నాలుగేసి చొప్పున మెలివేసి భూమిలో పాతుదురు. నవీన యంత్రములు పట్టా ప్రక్కనే లెక్కించి, ఫలితమును అంకెలుగా పంపును.

అన్నింటికంటె ముఖ్యమైన నియమము వేరు. లెక్క సరిపడక సందేహము కలిగినచో యంత్రము ఆ భాగమును ఖాళీగా చూపదు. బండి ఉన్నట్లే చూపును. పొరపాటున బండి ఆగినచో కొంత ఆలస్యము. పొరపాటున సాగినచో ఘోర ప్రమాదము. 1957లో సికింద్రాబాదులో స్థాపింపబడిన రైల్వే సిగ్నల్ ఇంజనీరింగు, టెలికమ్యూనికేషన్ల సంస్థలో శిక్షణ పొందు ఉద్యోగులకు ఇటువంటి నియమములే పునాది పాఠములు.

తరగతిలో చేయదగిన పరీక్షలు

ఒక మీడియం వేవు ట్రాన్సిస్టరు రేడియోను ఏ స్టేషనును రాని తావునకు త్రిప్పి, వెలుగుచున్న ఎల్.ఇ.డి. దీపము లేక సెల్‌ఫోను చార్జరు సమీపమునకు తెచ్చిన మ్రోత వినబడును. రేడియోను బల్లపై నిలిపి నెమ్మదిగా చుట్టును త్రిప్పినచో రెండు దిశలలో మ్రోత మిక్కిలి తగ్గును. లోపలి కడ్డీ ఆ దిశలలో అలజడి క్షేత్రమునకు అడ్డముగా ఉన్నదని అర్థము. పిమ్మట రేడియోను అడుగు అడుగుగా దూరము జరుపుచు మ్రోత ఎంత త్వరగా తగ్గుచున్నదో గమనింపవలెను. స్టార్టరు పెట్టెలను, కరెంటు తీగలను మాత్రము విద్యార్థులు తాకరాదు.

రెండవది నాణెముల పరీక్ష. తరగతిలోని విద్యార్థులను ఇద్దరేసి జతలుగా చేసి, పైన చెప్పిన లెక్కను ఒక్కొక్క జతచే ఇరువదిమార్లు చేయింపవలెను. ఒకరి కొలతల వర్గముల సరాసరి 34 చుట్టును, ఇద్దరి కొలతల లబ్ధముల సరాసరి 25 చుట్టును తిరుగుట నల్లబల్లపై కనిపించును. జతలన్నింటి ఫలితములను కలిపినకొలది ఆ సంఖ్యలు మరింత స్థిరపడును. నాణెములు, సుద్దముక్క తప్ప దీనికి వేరు పరికరములు అక్కరలేదు.

పికోటెస్లాలను కొలుచు చుట్ట ఏ పాఠశాలలోను ఉండకపోవచ్చును. కాని దానిని నమ్మదగిన సాక్షిగా చేయు ఉపాయములు – తీగను మెలివేయుట, ఒక్క కొననే భూమికి కలుపుట, పెంచుటకు ముందే వడపోయుట, దూరపు సాక్షిని అడుగుట – ప్రతి విద్యార్థికిని అందునవే. కొలత చేతికి వచ్చిన వెంటనే దానిని నమ్మక, ఇది భూమి పలికినదా, మోటారు పలికినదా అని అడుగుటతోనే పరిశీలన ఆరంభమగును.